సముద్రం ముందే చల్లిన ఉప్పు

1865లో వానలు పూర్తిగా ముఖం చాటేయలేదు. పలచగానైనా కురుస్తూ వచ్చి, సెప్టెంబరులో ఉన్నట్టుండి ఆగిపోయాయి. ఉత్తర, హస్త కార్తెల్లో పొట్ట మీదుండే వరికి అందాల్సిన చివరి తడులు అందలేదు. మరుసటి ఏడాది ఒడిశాలో పది లక్షల మంది దాకా ఆకలికీ, రోగాలకూ బలయ్యారని అంచనా. ఒడియా జనం దాన్ని నఅంక కరువని నేటికీ తలుచుకుంటారు. ఆ కరువు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లానూ పట్టుకుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం ఆ గంజాంలోనివే. 1888–89లో గంజాంలోనూ, 1896–97లో గంజాంతో పాటు విజయనగరం ఉన్న విశాఖపట్నం జిల్లాలోనూ మళ్లీ కాటకం వచ్చింది. ఏడాదికి ఎంత వాన పడిందన్న లెక్క కన్నా, ఏ కార్తెలో పడింది, ఏ కార్తెలో ఆగిందన్న లెక్కే ఇక్కడి గాదెలు నిండాయో, ఖాళీ అయ్యాయో తేల్చిందని 1865 చెబుతుంది. ఈ సంగతి మనసులో పెట్టుకుని మేఘమథనం గురించి ఆలోచించాలి. ఎందుకంటే జూలైలో ఉభాలు (వరి నాట్లు) ఆలస్యమైతే చాలు, విమానం తెప్పించి మేఘాల మీద మందు చల్లించవచ్చు కదా అన్న మాట ఎక్కడో ఒకచోట వినబడుతుంది. మేఘమథనం బూటకమేమీ కాదు, దాని వెనక గట్టి శాస్త్రమే ఉంది. అయితే ఆ విద్య పెరిగిన నేల వేరు, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వానకున్న జబ్బు వేరు.

ముందు ఆ విద్య ఏం చేస్తుందో చూద్దాం. మేఘంలోని నీటి బిందువు వెడల్పు మిల్లీమీటరులో నూరో వంతో, యాభయ్యో వంతో ఉంటుంది. అంత చిన్నది కిందికి రాలదు, గాలిలోనే తేలుతుంది. అలాంటివి ఇంచుమించు పది లక్షలు ఏకమైతే గాని ఒక మాదిరి చినుకు తయారవదు. ఏకమయ్యే దారులు రెండు. మేఘం బాగా ఎత్తుకు ఎదిగి, మన వానాకాలంలో సుమారు ఐదు కిలోమీటర్ల పైన ఉండే సున్నా డిగ్రీల మట్టాన్ని దాటితే, అక్కడ నీరు గడ్డకట్టాల్సి ఉన్నా గడ్డకట్టకుండా ద్రవంగానే మిగిలిపోతుంది. ఒక్క మంచు పలుకు పుడితే చాలు, చుట్టూ ఉన్న ఆవిరిని లాక్కుని పెరిగి బరువెక్కి కిందికి దిగుతుంది, దిగుతూ కరిగి చినుకవుతుంది. సిల్వర్ అయొడైడ్ స్ఫటికం కట్టుబాటు మంచు స్ఫటికాన్ని పోలి ఉంటుంది కనుక ఆ మొదటి పలుకు పుట్టడానికి ఆసరా ఇస్తుంది. మేఘం అంత ఎత్తుకు ఎదగకపోతే రెండో దారి: కాస్త పెద్ద బిందువులు వేగంగా దిగుతూ దారిలోని చిన్నవాటిని కలుపుకుపోవాలి. ఆ పెద్ద బిందువుల కోసమే తేమను పీల్చుకునే ఉప్పు పొడి, కాల్షియం క్లోరైడ్ వంటివి చల్లుతారు. రెండింటిలోనూ మనిషి చేసేది పాలకు తోడు వేయడం లాంటిదే. పాలు లేని గిన్నెలో తోడు చుక్క వేసి ప్రయోజనం లేదు, తోడుకుంటున్న గిన్నెలో మరో చుక్క వేసినా పెద్ద తేడా రాదు. ఈ రెండో సగం మన వాళ్లు సాధారణంగా మరచిపోతారు. ఉత్తరాంధ్రకు సంబంధించినంత వరకు అదే ముఖ్యం.

ఆధునిక మేఘమథనం 1946లో అమెరికాలో మొదలైంది. జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనశాలలో విన్సెంట్ షేఫర్ ఒక శీతల పెట్టెలో పొడి మంచు వేసి, తన ఊపిరి ఆవిరి మంచు పలుకులుగా మారడం చూశాడు. నవంబరు 13న విమానమెక్కి నిజం మేఘం మీదే ఆ పని చేశాడు. సిల్వర్ అయొడైడ్ గుణాన్ని అదే ఏడాది బెర్నార్డ్ వానెగట్ పట్టుకున్నాడు. ఆ కబురు మన దేశానికి చేరడానికి ఎంతో కాలం పట్టలేదు. 1950ల తొలినాళ్లలోనే ఇక్కడా ప్రయత్నాలు మొదలయ్యాయి. జాతీయ భౌతిక ప్రయోగశాల వాళ్లు 1957 నుంచి పదేళ్ల పాటు ఢిల్లీ, ఆగ్రా, జైపూర్ పరిసరాల్లో నేల మీద నుంచే ఉప్పు చిమ్మి, వానలో సుమారు 20 శాతం పెరుగుదల చూశామన్నారు. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ మహారాష్ట్రలోని బారామతి వద్ద 1973, 1986 మధ్య 11 వానాకాలాలు విమానంతో ఉప్పు చల్లి 24 శాతం దాకా లెక్క తేల్చింది. అదే సంస్థ 2018, 2019లలో సోలాపూర్ వద్ద 276 మేఘాలను ఎంచుకుని, వాటిలో కొన్నిటి మీద మాత్రమే, ఏవన్నది చీటీ తీసినట్టు తేల్చుకుని మందు చల్లింది. గాలివాలున వాన సుమారు 18 శాతం పెరిగిందని 2023లో ప్రకటించింది. మన దేశంలో ఇంతకంటే శ్రద్ధగా చేసిన మేఘమథన ప్రయోగం నాకు కనబడదు. ఇంతకీ ఈ ఊళ్లను పటంలో చూడండి. ఢిల్లీ, ఆగ్రా, జైపూర్, బారామతి, సోలాపూర్, అన్నీ సముద్రానికి దూరంగా ఉన్నవి. చివరి రెండూ సహ్యాద్రి వెనుక వర్షచ్ఛాయలో ఉన్నవి.

తెలుగునాట కథా అంతే. వరుస కరువుల తర్వాత 2004లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం మేఘమథనాన్ని పెద్ద ఎత్తున చేపట్టింది. వర్షచ్ఛాయ ప్రాంతాల అభివృద్ధికంటూ ఏకంగా ఒక శాఖే ఏర్పడింది, హైదరాబాద్ జె.ఎన్.టి.యు. ఆచార్యులు సాంకేతిక బాధ్యత మోశారు. దృష్టంతా ప్రధానంగా అనంతపురం వంటి రాయలసీమ జిల్లాల మీద. అది సహజం కూడా. అనంతపురానికి ఏడాదికి దొరికే వాన 550 మిల్లీమీటర్ల చిల్లర, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలకు దానికి రెట్టింపు, దాదాపు 1,100 మిల్లీమీటర్లు. విశేషమేమంటే, మేఘమథనం కోసం రాష్ట్రంలో అందరికన్నా గట్టిగా గొంతెత్తిన వారిలో ఒకరు ఉత్తరాంధ్ర వాకిట్లోనే ఉండేవారు. విశాఖ గీతం సంస్థలో పర్యావరణ అధ్యయనాలు నడిపిన ఆచార్య టి. శివాజీరావు ఈ విషయం మీద విరివిగా రాశారు. అమెరికా, చైనా ఏళ్ల తరబడి వాడుతున్నదాన్ని మనమెందుకు వాడుకోకూడదన్నది ఆ పక్షం వాదన. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు మాత్రం ఏ మేఘం, ఏ ఊరు, ఏ నెల అని అడిగాకే చెప్పగలం.

ఇక్కడి మేఘం ఎలాంటిదో తెలియాలంటే శ్రీకాకుళం తీరంలోని నౌపడా ఉప్పు మడుల దాకా వెళ్లాలి. సంక్రాంతి దాటాక సముద్రపు నీటిని మడి నుంచి మడికి మళ్లిస్తూ, ఎండకు చిక్కబడనిచ్చి, అడుగున పేరిన ఉప్పును పారలతో గట్టుకు లాగి కుప్పలు పోస్తారు. వేసవిలో ఒక్క అకాల వాన పడితే చాలు, అన్నాళ్ల పనీ కరిగిపోతుంది. (అందరూ వానకే మొక్కుతారనుకోకూడదు. మేఘమథనం గురించి ఉప్పు రైతును అడిగితే వచ్చే జవాబు వేరు.) ఆ మడుల్లో ఎండ చేసే పనినే ఒడ్డున అలలు చేస్తాయి. అల విరిగినప్పుడు నురుగులోని బుడగలు పగిలి సన్నని ఉప్పునీటి తుంపరలు గాలిలోకి ఎగురుతాయి, నీరు ఆరిపోయి ఉప్పు రేణువు మిగులుతుంది, గాలి దాన్ని మేఘం అడుగు దాకా మోసుకుపోతుంది. 1950లలో ఆల్ఫ్రెడ్ వుడ్‌కాక్ అనే అమెరికన్ శాస్త్రవేత్త హవాయి దగ్గర ఈ రేణువులను పట్టి తూచి, వానకూ వీటికీ ఉన్న సంబంధాన్ని వెదికాడు. సముద్రం మీది మేఘం తక్కువ ఎత్తులోనే కురవడానికి, ధూళి నిండిన లోతట్టు మేఘం బాగా ఎదిగితే గాని కురవకపోవడానికి కారణం ఇక్కడే ఉంది. దుమ్మూ పొగా ఎక్కువైతే ఉన్న నీటినే లెక్కలేనన్ని చిన్న బిందువులు పంచుకుంటాయి, వాటిలో ఒక్కటీ పెద్దది కాలేదు. గాలి శుభ్రంగా ఉండి ఉప్పు రేణువులు కొన్ని చేరితే పెద్ద బిందువులు వాటంతటవే తయారవుతాయి. సోలాపూర్ మీద విమానం వెదజల్లే సరుకును ఇచ్ఛాపురం నుంచి భీమిలి దాకా ఉన్న తీరం మీద బంగాళాఖాతం కూలి అడక్కుండా వెదజల్లుతోంది.

దీనికి వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో కింది గాలి ద్వీపకల్పం మీదుగా పడమటి నుంచి వస్తుంది, అందులో సముద్రపు ఉప్పు ఎంత? పైగా విశాఖ ఉక్కు కర్మాగారం, విజయనగరం జిల్లాలోని ఫెర్రో మిశ్రమాల కొలుములు, పైడిభీమవరం మందుల పరిశ్రమలు వచ్చాక ఇక్కడి గాలి పూర్వపు గాలేనా? సరైన అనుమానమే. మామూలు పడమటి గాలి రోజున లోతట్టున లేచే మధ్యాహ్నపు మేఘాన్ని సముద్రపు మేఘం అనలేం. కాని ఉత్తరాంధ్ర చెరువులు నిండేది ఆ మేఘంతో కాదు. ఒడిశా, ఉత్తరాంధ్ర తీరానికెదురుగా బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడి, గాలి తిరిగి, సముద్రపు తేమ నేల మీదికి రెండు మూడు రోజులు వరుసగా దూసుకొచ్చినప్పుడే నాగావళి, వంశధార ఎర్రబారతాయి. రుతుపవన వాయుగుండానికి నైరుతి దిక్కున వాన జోరుగా ఉంటుంది. అది గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటితే శ్రీకాకుళం సరిగ్గా ఆ దిక్కున పడుతుంది. అదే వాయుగుండం పైకెళ్లి బాలేశ్వర్ దగ్గరో, బెంగాల్లోనో దాటితే మనకు మిగిలేది పొడి పడమటి గాలే. ఉభాల వేళ వాన రాలేదంటే ఎక్కువసార్లు అర్థం ఇదే: మేఘాలు వచ్చి కురవక పోలేదు, కురిసే మేఘాలు నాలుగు వందల కిలోమీటర్ల అవతల తిరుగుతున్నాయి. వాటిని ఇటు లాక్కొచ్చే మందు ఏ విమానంలోనూ లేదు. 2025 అక్టోబరులో ఢిల్లీ కాలుష్యం కడగడానికి విమానం పంపితే చెప్పుకోదగ్గ వాన పడకపోవడానికి కారణం, తేమ చాలని మేఘం. 1865 సెప్టెంబరు తర్వాత గంజాం మీద విమానం ఎగిరినా ఇంతకన్నా జరిగేది ఉండదు.

అయితే మేఘమథనం కోరేవాళ్ల వాదనలో బలమైన మాట ఇంకొకటి ఉంది. కరువు మొత్తం తీర్చమని ఎవరడిగారు, ఎద చల్లిన మడి ఎండిపోతున్న పది రోజుల్లో ఒక్క తడి ఇవ్వగలిగితే చాలదా అంటారు. సోలాపూర్ లెక్కతోనే దీన్ని తూచి చూద్దాం. అక్కడ వంద చదరపు కిలోమీటర్ల మేర అదనంగా దొరికింది 8.67 మిల్లీమీటర్ల వాన, అంటే 86.7 కోట్ల లీటర్ల నీరు. లీటరుకు ఖర్చు 18 పైసలని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. తాగునీటికి ఇది చవకే, ట్యాంకరు నీటితో పోలిస్తే మరీ చవక. వరి మడి సంగతి వేరు. ఎకరంలో అంగుళం నీరు నిలపాలంటే లక్షా రెండు వేల లీటర్ల పైచిలుకు కావాలి. 18 పైసల చొప్పున అది పద్దెనిమిది వేల రూపాయలు దాటుతుంది. సొంత విమానాలు వాడితే ఖర్చు సగానికి పైగా తగ్గుతుందన్నారు. తగ్గినా అంగుళానికి తొమ్మిది వేలకు అటూ ఇటూ, అదీ ఒక్క తడికి. పైగా ఆ వాన మడిలోనే పడాలని రూలేం లేదు, రోడ్డు మీదా, కొండ మీదా, నిండుగా నీరున్న పొరుగు ఆయకట్టులోనూ పడుతుంది.

ఇదే కొలబద్దతో ఇప్పుడు ఒక చెరువును కొలుద్దాం. యాభై ఎకరాల చెరువులో అడుగు మందాన పేరుకున్న పూడిక తీస్తే, ఆ చెరువు నిండిన ప్రతిసారీ యాభై ఎకరాల్లో అడుగు లోతు నీరు అదనంగా పడుతుంది. అంటే ఆరు కోట్ల లీటర్లకు పైనే. మేఘమథనం ధరకు కడితే ఆ నీటి ఖరీదు కోటీ పది లక్షలు. ఇంకుడు, ఆవిరి కింద సగం పోయిందనుకున్నా మిగిలింది తక్కువేం కాదు. చెరువు నిండాలన్నా వాన కావాలి కదా అంటారు. కావాలి. ఇక్కడి వాన గుణం తెలిసే పాత వాళ్లు చెరువులు తవ్వారు. రెండు రోజుల అల్పపీడనం వానను గెడ్డల మీదుగా మళ్లించి గట్టు కట్టి ఆపి, మదుము ఎత్తి హస్త, చిత్త కార్తెల్లో కొంచెం కొంచెంగా వదిలితే 1865లో లేకుండా పోయిన ఆ చివరి తడి దొరుకుతుంది. వాన మోతాదును పెంచడం చెరువు పని కాదు, వాన పడిన రోజును మడికి నీరు కావాల్సిన రోజు దాకా జరపడం దాని పని. ఉత్తరాంధ్ర జబ్బు కాలానికి సంబంధించిందైతే మందు కూడా కాలాన్ని జరిపేదే కావాలి. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో పలాస వైపు తిత్లీ, 2021లో గులాబ్, ఎనిమిదేళ్లలో నాలుగు తుఫాన్లు సెప్టెంబరు చివరా, అక్టోబరు నడుమా ఈ తీరాన్ని కొట్టాయి. అంత నీరూ చాలావరకు కాలువలు తెంచి, పంట ముంచి సముద్రంలో కలిసింది.

చెరువుల చరిత్ర చెప్పేటప్పుడు స్వర్ణయుగం కథ అల్లడం తేలిక, అదీ నిజం కాదు. 1802 శాశ్వత పరిష్కారం తర్వాత ఇక్కడి భూమి చాలావరకు విజయనగరం, బొబ్బిలి, పర్లాకిమిడి వంటి జమీందార్ల కిందికి వచ్చింది. జమీందారు సర్కారుకు కట్టే పేష్కష్ స్థిరంగా ఉన్నా చెరువు గట్టు మీద పెట్టే ఖర్చు జమీందారు చిత్తం మీద ఆధారపడింది. కొందరు పెట్టారు, చాలామంది శిస్తు వసూలుతో సరిపెట్టుకున్నారు. 1948 ఎస్టేట్ల రద్దు చట్టంతో చెరువులు ప్రభుత్వానికి దఖలు పడ్డాయి, గట్టు బాగోగులు చూసుకునే బాధ్యత మాత్రం ఎవరికీ గట్టిగా దఖలు పడలేదు. 1997 చట్టంతో నీటి సంఘాలు వచ్చాయి. మరోవైపు వంశధార మీద గొట్టా, నాగావళి మీద తోటపల్లి, గోస్తనీ మీద తాటిపూడి వంటి పెద్ద కట్టడాలు లేచాయి, శివారు భూములకు నీరందని పాత ఫిర్యాదు మిగిలింది. కనుక మేఘమథనం వద్దంటే చెరువుల నిర్వహణ బాగుందని ఒప్పుకున్నట్టు కాదు. విమానం మీద పెట్టే రూపాయి పక్కన పూడిక మీద పెట్టే రూపాయిని నిలబెట్టి చూస్తే ఈ రెండు జిల్లాల్లో రెండోదే ఎక్కువ నీరు ఇస్తుంది, ఏ చెరువులో ఎంత పెరిగిందో కళ్లతో చూసి లెక్క కట్టనూ వచ్చు.

లెక్క కట్టడం అన్న చోట మేఘమథనానికి ఉన్న చిక్కు చాలా పాతది. వాన ఆలస్యమైనప్పుడు కప్పను రోకలికి కట్టి వేపాకులు చుట్టి ఇంటింటా నీళ్లు పోయించడం, విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెలకు తెలిసినవే. ఈ తతంగాలకు ఫలితం తరచూ కనబడడానికి కారణం ఉంది. వాన బాగా ఆలస్యమయ్యాకే వాటిని తలపెడతారు, ఆ పాటికి ఎలాగూ వాన రావాల్సిన రోజులు దగ్గరపడి ఉంటాయి. విమానం కూడా అంతే, కురిసేలా కనబడే మేఘం దగ్గరికే వెళుతుంది. అది కురిస్తే ఘనత ఎవరిది? దీన్ని తేల్చడానికి ఒకే ఉపాయం ఉంది. పనికొచ్చే మేఘాలన్నిటినీ ఎంచి, చీటీ తీసి, సగం మేఘాల మీద చల్లకుండా వదిలేసి, రెంటినీ పోల్చాలి. ఇజ్రాయెల్ దశాబ్దాల పాటు మేఘమథనం నడిపింది, తొలి ప్రయోగాల ఫలితాలు ప్రపంచానికి ఆదర్శమన్నారు. 2013లో మొదలై 2020 దాకా సాగిన నాలుగో ప్రయోగంలో తేడా రెండు శాతం లోపే తేలితే కార్యక్రమాన్నే ఆపేశారు. అమెరికాలోని ఐడహో కొండల మీద 2017 శీతకాలంలో విమానం గీసిన గీత వెంబడే మంచు పడడం రాడార్ తెర మీద కనబడింది, అంటే తగిన మేఘం దొరికితే పని జరుగుతుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి కొట్టేయవు, మేఘాన్ని బట్టి ఫలితం మారుతుందని రెండూ కలిసి చెబుతాయి. 2004 తర్వాత మన రాష్ట్రంలో జరిగినది సహాయ కార్యక్రమం, చీటీ తీసి సగం వదిలేసే పరీక్ష కాదు. అందుకే దాని మీద అనుకూలురూ, ప్రతికూలురూ ఎవరి నమ్మకంతో వాళ్లు మిగిలారు.

ఉత్తరాంధ్రలో ప్రయత్నించి చూడదగిన చోటు ఒకటుందని ఒప్పుకోవాలి. సాలూరు, పార్వతీపురం, సీతంపేట వైపు తూర్పు కనుమల వాలున, పడమటి గాలి రోజుల్లో మధ్యాహ్నం లేచి, సాయంత్రానికి కురవకుండానే చెదిరిపోయే మేఘాలు ఉంటాయి. సముద్రపు ఉప్పు అక్కడికి పలచగా చేరుతుంది, దుమ్మూ పొగా కలుస్తాయి. విశాఖలో డాప్లర్ రాడార్ ఉంది. ఈ ప్రాంతానికి ఆకాశాన్ని కొలిచే అలవాటూ కొత్త కాదు. 1840లో గోడే వెంకట జగ్గారావు విశాఖలో సొంత ఖర్చుతో వేధశాల పెట్టుకుంటే, అల్లుడు అంకితం వెంకట నరసింగరావు దాన్ని నడిపి వాతావరణ లెక్కలు రాయించాడు. చిక్కల్లా రెండు చోట్ల వస్తుంది. ఆ కొండల నీరు దిగే నదులు ఒడిశాలో పుట్టినవి. వంశధార నీటి కోసం 2010లో ట్రిబ్యునల్ వేస్తే తీర్పుకు 2017 దాకా పట్టింది, ఇక సరిహద్దు మీది మేఘం ఎవరిదన్న తగువు ఎన్నేళ్లు పడుతుందో! రెండోది ఇంకా కష్టం. నాలుగైదు వానాకాలాలు వరుసగా, జూలై ఎండలో ఆకుమడి పగుళ్లిస్తుండగా, కళ్లెదుట ఉన్న మేఘం మీద ఇవాళ చీటీ రాలేదు కనుక చల్లం అని రైతుల ముందు నిలబడి చెప్పగల కలెక్టరు కావాలి, ఆ మాట చెప్పాక ఆయన్ను బదిలీ చేయని ప్రభుత్వమూ కావాలి.